గుంతతో సహా అప్పగింత

రండి, చాప ఇటు లాక్కుని కూర్చోండి. ఈ గుమ్మం దగ్గరైతే గాలి బాగా తగులుతుంది, పైగా లోపల మా అత్త రాట్నం తిప్పుతూ వింటూ ఉంటుంది కాబట్టి నేను ఒక మాట ఎక్కువ చెప్పినా అక్కడి నుంచే దిద్దుతుంది. చెప్పబోయేది మేము కడపలో బాడుగకు ఉన్న ఇంటి సంగతి. నవ్వొస్తే దాచుకోకండి. ఆనాడు మాకు రాని నవ్వంతా అందులోనే ఉంది.

ఆ రోజుల్లో, అంటే మరీ తాతల కాలం కాదు, మా పాప నా కడుపులో పడిన ఏడాది (ఇప్పుడు అది ఏడో తరగతి, నాకంటే రెండు తరగతులు పెద్దది), కడపలో ఇల్లు దొరకాలంటే ఒక పద్ధతి ఉండేది. గేటుకు అట్టముక్క వేలాడుతుంటే తలుపు కొట్టాలి. ఇంటామె బయటికి వచ్చి, మీదేవూరు, మీరేమిటోళ్ళు, ఎంతమంది, కూర ఏం వండుతారు, నీళ్ళు ఎన్ని బిందెలు వాడతారు అని అడగాలి. మనం ఆమె పినతల్లి ఆడపడుచుకు ఏదో వరసవుతామని తేలితే ఇల్లు మనది, లేకపోతే "ఇప్పుడే ఒకరికి మాటిచ్చినాం". ముఖాన తలుపు వేసినా వేసింది ఒక మనిషి కదా, తిట్టుకోవడానికైనా ఒక ముఖం గుర్తుండేది. ఆ ఏడే ఇళ్ళు బాడుగకు ఇచ్చి చూసుకునే కంపెనీలూ వచ్చాయి. ఇల్లు ఒకరిది, తాళం ఒకరిది, మాట ఒకరిది, ఆ మాట చెప్పే మనిషి బెంగళూరులో.

మేము నేతపని వాళ్ళం. మా ఆయనకు కడపలో చీరల అంగట్లో పని దొరికింది. చీర మడత విప్పి, పరిచి, వద్దంటే మళ్ళీ మడిచే పని. "నేసే చేతికి మడతలు పెట్టే పని వచ్చిండాది" అని మా అత్త వారం రోజులు ఎత్తిపొడిచింది కానీ, నెలనెలా జీతం అన్నాక ఆమె కూడా ఒప్పుకుంది. ఒప్పుకుంటూ ఒక షరతు పెట్టింది. తను వస్తే తన మగ్గమూ వస్తుంది, మగ్గానికి చోటు లేకపోతే తనూ రాదు. నాకేమో నెల తప్పి పది రోజులు. తొలి కాన్పుకు పుట్టింటికి పోదామంటే మా అమ్మ నా చిన్నప్పుడే పోయింది. అత్త పక్కన లేకుండా ఆ ఊళ్ళో బిడ్డను కనడం నా వల్ల కాదని నాకు తెలుసు, మా ఆయనకూ తెలుసు. కాబట్టి మేము వెతికింది ఇల్లు కాదు, మగ్గం పట్టే ఇల్లు. పదకొండు గేట్లు తట్టాం. మగ్గం అనే మాట వినగానే గోడలు బీటలిస్తాయని ఒకరు, చప్పుడుకు తల నొస్తుందని ఒకరు. పదకొండో ఇంటామె మా అత్త చేతిలోని నూలు కండెల బుట్ట చూసే తలుపు వేసింది.

అప్పుడే ఎవరో కంపెనీ ఆఫీసు చూపించారు. అక్కడ చల్లగా ఉంది. మీరేమిటోళ్ళు అని అడగలేదు, కూర సంగతి ఎత్తలేదు. ఆధార్ కార్డు జెరాక్సు, మా ఆయన జీతం కాగితం, అంతే. ఇంత మర్యాద ఉంటుందా అని నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి (ఆ నెలల్లో నాకు దేనికైనా తిరిగేవి). చూపించిన ఇల్లు రెండు గదులు, ఒక హాలు, నేలంతా నల్లటి కడప బండలు. ఇంటి యజమాని రాయచోటి వైపు ఆమె, కువైట్‌లో ఒక షేకు ఇంట్లో వంట చేస్తూ ఈ ఇల్లు కట్టించుకుందట. మేము ఆమెకు కువైటక్క అని పేరు పెట్టుకున్నాం. ఆమెతో మాట్లాడదామంటే కుదరదన్నారు, అది రూలు.

ఆ రూల్స్ చెప్పడానికి కంపెనీ నుంచి ఒకాయన వచ్చాడు. మెడలో పట్టీకి ఫోటో కార్డు, చేతిలో పలకంత ట్యాబు. ఏ మాట చెప్పినా దాని మీద వేలితో ఒక టిక్కు పెట్టేవాడు కాబట్టి మా ఇంట్లో ఆయన పేరు టిక్కులాయన. కాగితాలన్నీ ఇంగ్లీషులో ఉంటే, ఆయన తెలుగులో నిలబడి చదివాడు. గోడకు మేకు కొట్టకూడదు. కుక్కను పెంచకూడదు. మిద్దె మీద ఒడియాలు పెట్టకూడదు. కిటికీకి చీర కట్టకూడదు. యజమానితో నేరుగా మాట్లాడకూడదు. మొత్తం ముప్పైరెండు. మా ఆయన ప్రతిదానికీ తల ఊపాడు. మా అత్త మాత్రం తల ఊపలేదు. నడుముకు చెక్కుకున్న నూలు పోగు తీసి, ఒక్కో రూలుకు ఒక్కో ముడి వేసుకుంటూ కూర్చుంది. చదువు రాదు, కానీ పడుగులో వేల పోగులు లెక్క తప్పకుండా పట్టే మనిషి. చివరికి ఆమె ఒక్క మాట అడిగింది, ఇంట్లో కూర్చుని చేతిపని చేసుకోవచ్చా అని. కుట్టుపనో అల్లికపనో అనుకున్నట్టున్నాడు, బోర్డు పెట్టకపోతే చాలన్నాడు, టిక్కు పెట్టాడు.

సామాను దింపిన మరుసటి రోజు పొద్దున్నే మా అత్త హాలు నడుమ కూర్చుని బండల మీద వేలి కణుపులతో కొట్టి చూస్తోంది. మాది గుంత మగ్గం. నేల మీద కూర్చుని గుంతలోకి కాళ్ళు దించి, కింద చెక్కలు తొక్కుతూ నేసేది. గుంత లేకపోతే అది మగ్గం కాదు, కట్టెల మోపు. ఆమె నూలు పోగు బయటికి తీసి, దర్గా దగ్గర ముసలాయన తస్బీ పూసలు తిప్పినట్టు ముప్పైరెండు ముళ్ళూ వేళ్ళ మధ్య నుంచి పోనిచ్చింది.

"గోడకు మేకు కొట్టొద్దన్న్యారు. బండ ఎత్తొద్దని యాడా ముడి ల్యా" అంది.

మా ఆయన ముఖం పాలిపోయింది. "నేను సంతకం పెట్టినా మా."

"నువ్వు పెట్టింది ముప్పైరెండిటికి. ఇది ముప్పైమూడోది. గడ్డపార తీసుకరా పో."

నాలుగు బండలు ఎత్తి గోడకు ఆనించాం. (గోడకు ఆనించకూడదని కూడా ముడి లేదు.) మూడు రోజుల్లో గుంత తవ్వాం. మట్టి ఏం చేయాలన్నది చిక్కొచ్చింది. మా ఆయన తన అంగడి సంచుల్లో, జిగేలుమనే పెళ్ళికూతురి బొమ్మ ఉన్న సంచుల్లో, రోజూ రెండేసి నింపుకుని పనికి పోతూ వంక ఒడ్డున పోసేవాడు. దోవలో ఎదురైనవాళ్ళు, అబ్బో ఈయన ఎంత వ్యాపారం చేస్తున్నాడో అనుకునేవాళ్ళట. పదిహేను రోజుల తరువాత మగ్గం నిలబడింది, పోగుల మధ్య నాడె అటూ ఇటూ ఆడింది. గోడలు బీటలివ్వలేదు. పక్కింటి టీవీ చప్పుడే మాకు ఎక్కువగా వినిపించేది.

రెండు నెలలకొకసారి కంపెనీ మనిషి వచ్చి ఇల్లు తనిఖీ చేయాలని రూలు, పద్నాలుగో ముడి. ఆ రోజు కోసం మేము ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని ఎదురుచూశాం. ఎవరూ రాలేదు. సాయంత్రానికి మా ఆయన ఫోనుకు, మీ ఇల్లు తనిఖీ చేశాం, అంతా బాగుంది, ధన్యవాదాలు అని వచ్చింది. ఇంకో రెండు నెలలకూ అంతే. ఇంట్లో అడుగు పెట్టకుండానే ఇల్లు చూసిపోతున్నారు, దేవుడు కూడా ఇంత తేలిగ్గా చూడడు అని మా అత్త ఆశ్చర్యపోయింది.

మూడోసారి మాత్రం ముందురోజే ఫోను మోగింది. రేపు పదకొండింటికి వస్తున్నాం, ఈసారి ప్రతి గదికీ ఫోటో తీసి బెంగళూరుకు పంపాలి అని. నాకప్పుడు ఏడో నెల. గుంత చూస్తే ఇల్లు ఖాళీ చేయిస్తారు, ఈ స్థితిలో మళ్ళీ గేట్లు తట్టాలి, ఏ గేటూ మగ్గానికి తెరుచుకోదు, అత్త ఊరికి పోతుంది. రాత్రి అన్నం ముందు కూర్చుని నేను ఇదంతా వరసగా ఏడుస్తూ చెబితే, మా అత్త పులుసు కలుపుకుంటూ విని, "ఏడ్చింది చాలు పాపా, తిను. రేపు నువ్వు చెయ్యాల్సిన పని ఒకటుండాది. కూర్చోవడం" అంది.

పొద్దున్నే మగ్గం విప్పాం. పడుగు చుట్టి, కట్టెలన్నీ కలిపి చీరలో చుట్టి, దేవుని మూల నిలబెట్టి మా అత్త పసుపూ కుంకుమా పెట్టింది. గుంతలోని తొక్కుడు చెక్కలు తీయడానికి పొద్దు చాలలేదు. పైన ఒక బల్ల పరిచి, బల్ల మీద చాప వేసి, చాప మీద నన్ను కూర్చోబెట్టి, ఒళ్ళో శెనక్కాయల పళ్ళెం పెట్టింది. ఒలుస్తూ ఉండు, లేవొద్దు, ఏడో నెల మనిషిని లెయ్యమనే మగవాడు కడప జిల్లాలో పుట్టలేదు అని ధైర్యం చెప్పింది.

టిక్కులాయన సరిగ్గా పదకొండింటికి వచ్చాడు. గోడలన్నీ తడిమి చూశాడు, ఒక్క మేకు కూడా లేదని మెచ్చుకున్నాడు. దేవుని మూల దగ్గర ఆగి, చెప్పులు బయటే విడిచి వచ్చానా లేదా అని ఒకసారి కాళ్ళ వైపు చూసుకుని, చేతులు జోడించి ఏ దేవర అని అడిగాడు. "మాకు కూడు పెట్టే దేవర నాయనా" అంది మా అత్త. అందులో అబద్ధమేమీ లేదు. తరువాత హాలు నేల ఫోటో కావాలని, నన్ను కొంచెం లేవమన్నాడు.

"ఏమప్పా, ఏడో నెల మనిషిని లెయ్యమంటాండావా. అది మీ ముప్పైరెండిట్లో ఉండాదా" అని మా అత్త అడిగిన తీరుకు పాపం ఆయన చెవులు ఎర్రబడ్డాయి. వద్దు మేడం, మీరు కూర్చున్నట్టే తీసుకుంటా అని వెనక్కి జరిగాడు.

అక్కడితో అయిపోవలసింది. నా తప్పు ఏమిటంటే, ఫోటో అన్నాడు కదా. పెళ్ళి తరువాత నన్ను ఎవరూ ఫోటో తీయలేదు. బెంగళూరు దాకా పోయే ఫోటోలో పొట్ట ముందుకు కాకుండా ముఖం ముందుకు కనిపించాలని, కొంగు సర్దుకుని, నడుము నిక్కించి, కొంచెం పక్కకు తిరిగాను. కొంచెమే. బల్ల ఒక పక్కకు ఒరిగింది, చాప జారింది, శెనక్కాయలు నాలుగు మూలలకూ పోయాయి, నా రెండు కాళ్ళూ మెత్తగా గుంతలోకి దిగిపోయాయి. దెబ్బ తగల్లేదు. రోజూ కూర్చునే చోటే కదా, ఒళ్ళు తనంతట తాను సర్దుకుంది. అంతటితో ఊరుకోక, అలవాటు చొప్పున కుడికాలు చెక్కను తొక్కింది. కింద నుంచి టక్కుమంది. ట్యాబు కూడా అప్పుడే టక్కుమంది. ఆ ఫోటోలో నేను నవ్వుతూనే ఉన్నాను.

టిక్కులాయన వంగి చూశాడు. "మేడం, ఇది ఏమి?"

"గుంత" అంది మా అత్త, గడప అన్నంత మామూలుగా.

"ఇది ఎప్పట్నుంచి ఉండాది?"

మా అత్త ఆయన ముఖంలోకి చూసింది. గొంతు పెంచలేదు. "నువ్వు రెండు తూర్లు వచ్చి చూసిపోయినావు కదప్పా. అప్పుడు ఉన్న్యాదో లేదో నువ్వే చెప్పు."

టిక్కులాయన అట్లాగే నేల మీద కూలబడ్డాడు. నేను గుంతలో కూర్చునే ఉన్నాను, మా అత్త మజ్జిగ తెచ్చి ఇచ్చింది. సగం లోటా తాగాక నేను మేడం నుంచి అక్కను అయ్యాను. ఊరంతా ఉన్న కంపెనీ ఇళ్ళకు తనొక్కడేనని, రాయచోటిలోవి కూడా తన నెత్తినే వేశారని, అన్నిటికీ తిరగలేక టీ అంగడి దగ్గర కూర్చుని టిక్కులు పెట్టి పంపేవాడినని చెప్పుకున్నాడు. ఇప్పుడు గుంత కొత్తగా వచ్చిందని రాస్తే, రెండుసార్లు నువ్వేం చూశావని అడుగుతారు. రాయకపోతే ఫోటో ఉంది. ఆయనకు చిన్న చెల్లెలుందట, కాలేజీ ఫీజు కట్టాలట. మమ్మల్ని వెళ్ళగొట్టడానికి వచ్చిన మనిషిని మేమే ఓదార్చవలసి వచ్చింది.

మజ్జిగ అయిపోయాక ట్యాబు తీశాడు. "నేల కింద మూడే ఉండాయి అక్కా. బాగుంది, పగిలింది, అరిగింది. గుంతకు గడి ల్యా" అని నాకు చూపించాడు. బెంగళూరుకు ఫోను చేస్తే, అక్కడి అమ్మాయి ఇంటి ప్రత్యేకతలు అనే చోట రాయమంది. గుంత అంటే ఏమిటని మాత్రం అడగలేదు. టిక్కులాయన, కూర్చునే గుంత, ఒకటి, మొదటి నుంచీ ఉన్నదే, స్థితి బాగుంది అని రాశాడు. కొలత కావాలంటే మా అత్త జానతో కొలిచి చెప్పింది. పోయేటప్పుడు ఒలిచిన శెనగవిత్తనాలు పొట్లం కట్టి ఇచ్చాం.

ఇక మాకు భయమేముంది. గుంత కాగితమెక్కింది. పాప పుట్టింది, మగ్గం పక్కనే ఉయ్యాల కట్టి, దాని తాడు తొక్కుడు చెక్కకు ముడివేసింది మా అత్త. చీరా పెరిగేది, పిల్లా నిద్రపోయేది. పాపకు నాలుగో ఏడు వచ్చేసరికి ఊరి బయట నేతగాళ్ళ కాలనీలో మాకు స్థలం వచ్చింది, రెండు గదులు లేపుకున్నాం. కువైటక్క ఇల్లు ఖాళీ చేసే రోజు దగ్గర పడింది.

మా ఇళ్ళల్లో ఒక ఆచారం ఉంది. మగ్గం లేచిన చోట గుంతను ఉత్తగా వదలకూడదు. ఖాళీ గుంత ఇంటిని మింగుతుందంటారు. పాలు చిలకరించి, పసుపు నీళ్ళు పోసి, మట్టితో పూడ్చి మొక్కాలి. మా అత్త అంతా చేసింది. నాలుగు బండలూ మళ్ళీ పరిచి సందులు మెత్తింది. మట్టేమో మా ఆయనే, అవే పెళ్ళికూతురి సంచుల్లో, వంక ఒడ్డు నుంచి తెచ్చాడు. ఒకరి ఇంటిని ఎట్లా తీసుకున్నామో అట్లా ఇస్తున్నామని మాకందరికీ ఛాతీ ఉబ్బింది.

టిక్కులాయన తాళాలు తీసుకోవడానికి వచ్చాడు. ఫ్యాన్లు, టిక్కు. కొళాయిలు, టిక్కు. గోడలు, టిక్కు. హాల్లోకి వచ్చి నేల చూశాడు, ట్యాబు చూశాడు, మళ్ళీ నేల చూశాడు.

"అక్కా, గుంత యాడ?"

పూడ్చేశాం అని మా ఆయన గర్వంగా చెప్పాడు. టిక్కులాయన ట్యాబు మా వైపు తిప్పి చూపించాడు. ఇంటి ప్రత్యేకతల్లో ఆ ఇంటికి ఉన్నది అదొక్కటేనట. యజమానికి ఏడాదికొకసారి పంపే కాగితంలో ఆ ఫోటోనే పైన ఉంటుందట (నా నవ్వుతో సహా). ఇప్పుడు గుంత లేదంటే, మేము ఇంటి సొత్తు పాడు చేసినట్టు. మాకు అప్పగింత చీటీ రాదు, అడ్వాన్సు రాదు. గుంత మొదట్లో లేనే లేదని నిజం చెబితే ఆయన ఉద్యోగం ఉండదు.

మా ఆయన గడ్డపార వైపు చూశాడు. మా అత్త అడ్డం నిలబడింది. డబ్బు పోయినా పర్వాలేదు, పాలు పోసి మూసిన గుంతను మళ్ళీ తెరిచి ఖాళీగా వదిలే పని ఈ చేతులతో కాదంది. ఆమె పట్టు పట్టడం నేను అంతకుముందు చూశాను కానీ, గడ్డపార మీద కాలు పెట్టి నిలబడడం అదే మొదటిసారి. అప్పుడు టిక్కులాయన అసలు సంగతి చెప్పాడు. కువైటక్క తిరిగి వచ్చేస్తోంది. ఇల్లు ఇక బాడుగకు ఇవ్వదు. ఫోటో చూసి ఆమె అడిగిన మాట ఒకటే, ఆ గుంత అట్లాగే ఉండాది కదా అని.

"ఆమె దాంట్లో కూర్చుంటాదా?" అని అడిగింది మా అత్త.

"కూర్చునేదానికే అడిగింది పెద్దమ్మా."

"ఒట్టు పెట్టు."

ట్యాబు మీద చెయ్యేసి ఒట్టు పెట్టాడు. అది చెల్లదని, దేవుని మూల దగ్గర మళ్ళీ పెట్టించింది. అప్పుడు మా ఆయన, టిక్కులాయన కలిసి గుంత తవ్వారు. ఆయన మెడ కార్డు వీపు మీదికి వేసుకుని, చొక్కా చేతులు మడిచి, మట్టి ఎత్తి ఎత్తి పెళ్ళికూతురి సంచుల్లో పోశాడు. మా అత్త పైన నిలబడి, ఇంకో జాన లోతు, అంచు నున్నగా చెయ్యి అని పని చెప్పింది. కాగితంలో ఉన్న కొలతకు వేలెడు కూడా తేడా రానివ్వలేదు. సాయంత్రానికి కూర్చునే గుంత, ఒకటి, స్థితి బాగుంది అని టిక్కు పడింది. మా సొంత ఇంటికి పోయేముందు మేము చేసిన ఆఖరి పని, ఇంకొకరి ఇంట్లో గుంత తవ్వడం.

ఏడాది దాటాక టిక్కులాయన ద్వారానే కువైటక్క కబురు పంపింది, మా చేతి నూలు చీర కావాలని. ఇచ్చి రావడానికి నేనే పోయాను. తలుపు తీసే ఉంది. హాల్లో ఆమె గుంత అంచున దిండు వేసుకుని, కాళ్ళు లోపలికి దించి కూర్చుని చిక్కుడుకాయలు వలుస్తోంది. కాళ్ళ నరాలు ఉబ్బి తాళ్ళలా ఉన్నాయి. నన్నూ పక్కన కూర్చోమంది.

"ఇరవై ఏండ్లు పొయ్యి ముందర నిలబడే ఉంటి పాపా. ఇప్పుడు యాడ కూర్చున్నా కాళ్ళు గుంజుతాయి, ఈడ తప్ప" అంది. చీర చేత్తో తడిమి చూసి, మళ్ళీ గుంత వైపు చూసి నవ్వింది. "ఇల్లు కట్టించేటప్పుడు ఈ గుంత పెట్టమని చెప్పినట్టు నాకు మతికే రాదు. మొదటి నుంచీ ఉండేదేనని కంపెనీ కాగితంలో రాసుండాది. నేనే మర్చిపోయింటా."

నిజం నా నాలుక చివరిదాకా వచ్చింది. కానీ ఆమె కాళ్ళు చూశాను, కాగితాన్ని నమ్మి తన జ్ఞాపకాన్నే తప్పు పట్టుకున్న ఆ ముఖం చూశాను. బాగా కుదిరిందక్కా అన్నాను, అంతే. ఆమె పక్కన కాళ్ళు దించి కూర్చున్నాను. మాట్లాడుతూ ఉండగానే నా కుడికాలు తనంతట తాను కింద చెక్క కోసం వెతికింది. అక్కడ ఏమీ లేదు, చల్లటి మట్టి తగిలింది. ఫోటో కోసం నడుము నిక్కించిన ఆ పిచ్చిపిల్ల గుర్తొచ్చి నాలో నేనే నవ్వుకున్నాను. ఎన్ని భయాలు పడిందో, ఎంత ఏడ్చిందో పాపం.

ఇంటికి వచ్చి ఈ సంగతి చెబితే మా అత్త లేచింది. పాత నూలు పోగు వెతికి తీసి, ముప్పైరెండు ముళ్ళ పక్కన ఇంకొక ముడి వేసింది. ఏం ముడి అని అడిగితే, ఎవరో ఒకరు కూర్చోవాలి, అదీ రూలు అంది. (ఇప్పుడు కూడా లోపలి నుంచి అంటోంది, గట్టిగా వేశానని చెప్పు అని.)

పొద్దుపోయింది, ఇక మీరూ లేస్తారు. మీ ఇంటి గోడలు మీరు కొట్టే ప్రతి మేకునూ పట్టుకోవాలి, మీ ఇంటి నేల మీ కాళ్ళ అలసటను దాచుకోవాలి, మీ గడప దాటి వచ్చినవాళ్ళు మజ్జిగ తాగకుండా పోకూడదు. మీ ఇల్లు ఎప్పుడూ ఖాళీ కాకుండా, కూర్చునేవాళ్ళతో నిండుగా ఉండాలి. చల్లగా పోయి రండి.